సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు

అడ్వెంచర్ క్యాంప్ సర్క్యులర్ ఇంటికి రాగానే మనలో చాలామంది రెండు పనుల్లో ఒకటి చేస్తాం. ‘అందరి పిల్లలూ వెళ్తున్నారు కదా’ అని చదవకుండానే సంతకం పెట్టేస్తాం. లేదా నది అన్న మాట కనబడగానే ‘వద్దు’ అని కాగితం పక్కన పడేస్తాం. నేను మొన్నటి దాకా రెండో రకం.

నా భయానికి కారణం ఉంది. 2014 జూన్ 8న విహారయాత్రకు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఆ వార్త మరిచిపోయిన తెలుగు ఇళ్లు తక్కువే. అప్పటి నుంచి పిల్లలు, టూర్, నది అన్న మూడు మాటలు కలిసి వినబడితే చాలు, నా గుండె గుభేలుమనేది.

అందుకే, పదో తరగతి పరీక్షలయ్యాక రిషికేశ్ వెళ్లినప్పుడు మా అమ్మాయి రాఫ్టింగ్ అడిగితే ముందు కుదరదన్నాను. చివరికి నేనూ పడవలో ఉంటానన్న షరతు మీద ఒప్పుకున్నాను. నాకు ఈత రాదు. శివపురి నుంచి రిషికేశ్ దాకా గంగ మీద దాదాపు 16 కిలోమీటర్లు, గాలి నింపిన రబ్బరు పడవలో.

నీళ్లలోకి దిగే ముందు ఒడ్డునే పాఠం మొదలైంది. గైడ్ ఒక్కొక్కరి లైఫ్ జాకెట్ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూశాడు. జాకెట్ చెవుల దాకా లేస్తే బెల్టులు మళ్లీ బిగించాడు. తెడ్డు పైకొసన ఉండే పిడి మీంచి చెయ్యి తీయొద్దన్నాడు, తీస్తే పక్కవాళ్ల పళ్లు రాలతాయని. నీళ్లలో పడితే లేచి నిలబడాలని చూడకూడదు. రాళ్ల మధ్య కాలు ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముంచేస్తుంది. వెల్లకిలా తేలుతూ, కాళ్లు ప్రవాహం పోయే వైపు చాపి, తాడు అందేదాకా ఓపిక పట్టాలి. ఇవన్నీ మా అందరి చేతా తిరిగి చెప్పించాడు.

నీరు రాళ్ల మీంచి ఉరవడిగా దూకే చోట్లను ర్యాపిడ్స్ అంటారు. కష్టాన్ని బట్టి వాటికి 1 నుంచి 6 దాకా గ్రేడ్లు ఉంటాయి. రోలర్ కోస్టర్ అని పిలిచే ర్యాపిడ్ దగ్గర పెద్ద అల మొహాన కొట్టగానే నేను తెడ్డు వేయడం ఆపేసి, పడవ తాడు గట్టిగా పట్టుకున్నాను. “అమ్మా, ఆపకు! ఫార్వర్డ్ అంటున్నాడు!” అని మా అమ్మాయి అరిచింది. అందరూ కలిసి తెడ్డు వేస్తేనే పడవ అలకు ఎదురుగా నిలుస్తుంది. ఆపితే అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన పడవ బోల్తా కొట్టే ప్రమాదం ఎక్కువ. ఇంట్లో పదిసార్లు చెప్తే గాని కదలని పిల్ల, అక్కడ గైడ్ మాట ఒక్కసారికే విన్నది. ఎందుకు వినాలో ఒడ్డునే అర్థమైంది కాబట్టి.

తిరిగొచ్చాక బియాస్ సంగతి మళ్లీ ఆలోచించాను. ఆ పిల్లలు రాఫ్టింగ్‌కు వెళ్లలేదు. ఫొటోల కోసం నదిలోకి దిగారు. పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి నీళ్లు వదలడంతో ప్రవాహం ఒక్కసారిగా పెరిగింది. మనం ‘సాహసం’ అన్న మాటకు భయపడతాం. బస్సు ఏటి పక్కన ఆపి ‘పది నిమిషాలు ఫొటోలు దిగండి’ అంటే భయపడం. రాఫ్టింగ్‌లో ప్రమాదం లేదని నేననను. కానీ అక్కడ ప్రమాదం ఉందని అందరికీ తెలుసు, దానికి తగ్గ ఏర్పాటు చేసుకుంటారు. ఫొటోల దగ్గర అదేమీ ఉండదు.

కాబట్టి నా సలహా ఇది. వద్దనకండి, అడగండి. కనీసం ఈ నాలుగు ప్రశ్నలు:

ఒకటి, గైడ్లకు లైసెన్స్ ఉందా, తీసుకెళ్లేది ఏ గ్రేడ్ ర్యాపిడ్స్‌కు, పిల్లల వయసు నిబంధనకు సరిపోతుందా? ఉత్తరాఖండ్‌లో రాఫ్టింగ్‌కు 14 ఏళ్లు నిండాలి.

రెండు, ప్రతి పిల్లకూ, పిల్లాడికీ సరిపోయే సైజులో లైఫ్ జాకెట్, హెల్మెట్ ఉన్నాయా? నీళ్లలో పడినవాళ్లను అందుకోవడానికి వెంట మరో పడవ గాని కయాక్ గాని వస్తుందా?

మూడు, ఆ రోజు నీటిమట్టం, డ్యామ్ విడుదల సంగతి ఎవరు కనుక్కుంటారు? పరిస్థితి బాగాలేకపోతే ప్రోగ్రామ్ రద్దు చేసే అధికారం ఎవరిది?

నాలుగు, షెడ్యూల్‌లో లేని చోట బస్సు ఆగితే పిల్లలు నీళ్ల వైపు వెళ్లకుండా చూసే టీచర్ ఎవరు?

ఇంకో మాట పిల్లల తరఫున. ఒడ్డు దాకా వెళ్లాక ‘నాకు భయంగా ఉంది, ఎక్కను’ అన్న పిల్లల్ని ఎవరూ ఎగతాళి చేయకూడదు. డబ్బు కట్టాం కదా అని మనమూ బలవంతం చేయకూడదు.

ఈ జవాబులు స్కూల్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఫీజుల కౌంటర్ దగ్గర మనం అడిగే ప్రశ్నల ముందు ఇవెంత? జవాబు రాకపోతే సంతకం పెట్టకండి.

ఈసారి సర్క్యులర్ వస్తే నేను పక్కన పడేయను. ముందు ఫోన్ చేస్తాను.