ఆ బాటిల్‌కు మర్యాద పీట ఎందుకు?

మన కాజీపేటలో ఎవరింటికైనా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లి చూడండి. మనం చెప్పులు విప్పేలోపే ఇంటాయన కొడుకును పిలిచి చేతిలో వంద నోటు పెడతాడు. "ఉరికి పోయి పెద్ద బాటిల్ తీస్కరా, మంచిగ చల్లగున్నది చూసి తే" అంటాడు. ఐదు నిమిషాల్లో గ్లాసులు వస్తాయి. పెద్దవాళ్లకు సగం, పిల్లలకు నిండా. "మా పిల్లకు వద్దు వదినా" అన్నామా, ఇంటావిడ మొహం చిన్నబోతుంది. "ఏమొదినా, మా ఇంట్ల తాగొద్దా?" అంటుంది.

ఈ ఒక్క మాటకు జడిసి ఎందరో తల్లులు ఊరుకుంటున్నారు. నా పోరు ఆ మాట మీదే. కూల్ డ్రింక్ పిల్లలకు మంచిది కాదని తెలియని తల్లి ఈ రోజుల్లో లేదు. తెలిసీ పోస్తున్నారంటే, అది మర్యాద అయి కూర్చుంది కాబట్టి. ఆ పీట మీద నుంచి దాన్ని దించేదాకా పిల్లలకు ఎన్ని నీతులు చెప్పినా దండగే.

ముందే ఒక మాట. పాతకాలం గోళీసోడాతో నాకు పేచీ లేదు. అది గ్యాసు పట్టిన నీళ్లు. నిమ్మకాయ పిండి, చిటికెడు ఉప్పేసి ఇచ్చేవాళ్లు. నా గొడవంతా రంగు వేసిన చక్కెర నీళ్లతో. గ్యాసు లేదు కదా, పండ్ల బొమ్మ ఉంది కదా అని కొనిచ్చే మామిడి డ్రింకులూ అందులోకే వస్తాయి. వాటిలో చక్కెర ఏమీ తక్కువ ఉండదు. లేబుల్ తిప్పి చూడండి.

మామూలు కోలాలో 100 మిల్లీలీటర్లకు సుమారు 10 గ్రాముల చక్కెర. పావు లీటరు తాగితే 25 గ్రాములు, అంటే ఐదు టీ చెంచాలు. మన పిల్లల పాలగ్లాసులో ఎవరైనా ఐదు చెంచాల చక్కెర వేస్తే ఊరుకుంటామా? "పాకం పడుతున్నవా?" అని చెంచా లాక్కుంటాం. పైనుంచి వేసుకునే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం దాటకూడదనీ, 5 శాతం లోపుంటే ఇంకా మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. రోజుకు 1,350 క్యాలరీలు కావాల్సిన నాలుగైదేళ్ల పిల్లకు ఆ 5 శాతం అంటే దాదాపు 17 గ్రాములే. ఒక్క గ్లాసుతో అది దాటిపోయింది. బిస్కెట్లు, చాక్లెట్లు ఇంకా లెక్కలోకే రాలేదు.

పైగా తాగిన చక్కెర కడుపు నింపదు. రెండు లడ్డూలు తిన్న పిల్ల మూడోది చేతిలో పెడితే వద్దంటుంది. రెండు గ్లాసుల డ్రింకు తాగిన పిల్ల మూడోది అడుగుతుంది. చక్కెరకు తోడు ఆమ్లం. అది పంటి మీది పింగాణీ పొరను మెత్తబరుస్తుంది. కోలాలో కెఫీన్ కూడా ఉంటుంది. సాయంత్రం బర్త్‌డేలో తాగించి, రాత్రి పదకొండైనా పడుకోవట్లేదని పిల్లాడి వీపు మీద చరిస్తే తప్పెవరిది? బడి పిల్లలు చేతిలో పట్టుకు తిరిగే ఎనర్జీ డ్రింకులైతే మరీ దారుణం. అవి పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగవని ఆ బాటిల్ మీదే చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది.

వాట్సాప్‌లో వచ్చే బెదిరింపు కథలు మాత్రం నాకొద్దు. 2004లో గుంటూరు వైపు పత్తి రైతులు పురుగుమందుకు బదులు కోలా కొట్టారని వార్తలొచ్చాయి. అందరూ "చూశారా, విషం!" అన్నారు. ఆ తీపికి చీమలు చేరి పురుగుల పిల్లల్ని తింటాయని అప్పుడే కొందరు వివరించారు. విషం ఉందని భయపెడితే, తాగినా ఏమీ కాని మర్నాడు పిల్లలు మన మాట నమ్మరు. ఉన్న చక్కెర చాలదా చెప్పడానికి?

ఈ తీపినీళ్లు చివరికి మందు వేషం కూడా కట్టాయి. వాంతులు, విరేచనాలతో వాడిపోయిన పిల్లలకు ఓఆర్ఎస్ అనుకుని తల్లులు మెడికల్ షాపులో డబ్బా డ్రింకులు కొన్నారు. అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, ఉప్పులు సరిపాళ్లలో ఉంటాయి. ఈ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత చక్కెర పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. దీని మీద హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లారు. చివరికి 2025 అక్టోబరు 14న ఆహార భద్రతా సంస్థ, డ్రింకుల పేర్లలో ఓఆర్ఎస్ అనే మాట వాడొద్దని ఆదేశమిచ్చింది. ఒక్క ఆడమనిషి పెద్ద కంపెనీల లేబుళ్లనే మార్పించగలిగింది. మనం మన హాల్లోని టీపాయ్ మీది గ్లాసును మార్చలేమా?

సర్కారుకైతే ఎప్పుడో తెలుసు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ సవరించినప్పుడు చాలా వస్తువుల మీద పన్ను తగ్గించారు. కూల్ డ్రింకులను మాత్రం 40 శాతంలోనే ఉంచారు. గుట్కా, సిగరెట్ల కోసం పెట్టిన వరుస అది. అక్కడ సిగరెట్ పక్కన కూర్చున్న బాటిల్, మన ఇంట్లో పసిపిల్ల పుట్టినరోజు కేకు పక్కన కూర్చుంటోంది.

"ఒక్క రోజుకేమైతది?" అంటారు. ఆ ఒక్క రోజు నెలలో ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టండి. ఆదివారం దావత్, ఎదురింట్లో ఇరవై ఒకటో రోజు, క్లాసులో బర్త్‌డే, స్టేషన్‌లో రైలు కోసం చూసే గంట. నాలుగు మార్కులు ఎక్కువొస్తే బహుమతి కూడా ఆ బాటిలే. బహుమతిగా ఇచ్చినదాన్ని పిల్లలు చెడ్డదని ఎలా నమ్ముతారు?

"సల్ల పోస్తే పిసినారి అనుకోరా?" అనేది ఇంకొక మాట. పెద్ద బాటిల్ ధరకు లీటరు పాలు వస్తాయి. అల్లం, కరివేపాకు దంచి, ఉప్పేసి సల్ల చేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. కష్టం ఎక్కువే, కాదనను. బాటిల్ మూత తీయడం ఎవరైనా చేస్తారు, సల్ల చిలికేది మనమే. అయితే బాటిల్ తెప్పించే మగవాళ్లలో ఎందరు పంటినొప్పికి ఏడ్చే పిల్లను చంకనేసుకుని దవాఖాన బెంచీ మీద కూర్చుంటున్నారు? అక్కడ కూర్చునేదీ మనమే. కాబట్టి గ్లాసులో ఏం పోయాలో మనమే చెబుదాం. చిలకడానికి మగవాళ్లనూ పిలుద్దాం.

మండే మే నెలలో చుట్టాలొస్తే ముందు కుండ నీళ్లు ఇవ్వండి. తర్వాత సల్ల, ముంజలు, కొబ్బరినీళ్లు, ఏది దొరికితే అది. చక్కెర తగ్గించిన నిమ్మరసమైనా సరే. పెద్దవాళ్లు డ్రింకే కావాలంటే వాళ్ల ఇష్టం. పిల్లల గ్లాసులో మాత్రం పోయకండి. ఎవరింట్లోనైనా "మా పిల్లకు వద్దు" అని తల్లి అంటే చిన్నబుచ్చుకోకుండా "మంచిదమ్మా, సల్ల తెస్తా ఆగు" అనండి. ఆ తల్లికి అంతకంటే పెద్ద మర్యాద లేదు.