పాటను మనకు చేరవేయునది ఎవరు?

గత వార్షికోత్సవమునకు కార్యక్రమ పట్టిక సిద్ధము చేయుచున్న వేళ, ద్వితీయ సంవత్సర బి.కాం. విద్యార్థి ఒకడు తన సెల్‌ఫోనును మా ముందుంచి, "సార్, ఒక్కసారి చూడండి, నాలుగు నిమిషాలే" అన్నాడు. తానే వ్రాసి, తానే పాడి, తమ వీధిలోనే మిత్రునిచేత చిత్రీకరింపజేసుకొన్న పాట అది. సగము దక్కనీ, సగము తెలుగు. మేము పూర్తిగా చూడలేదు. సినిమా పాటలకే సమయము చాలుట లేదని చెప్పి ఫోను తిరిగి ఇచ్చివేశాము. కొన్ని నెలల పిమ్మట అదే పాటను వేరొకరు పంపగా తుదివరకు విన్నాము. రెండవ చరణములో తల్లి కుట్టుమిషను చప్పుడునే అతడు తాళముగా వాడుకొన్నాడు. ఆ చప్పుడు వినబడక మునుపే మేము ఫోను ఇచ్చివేశామన్నమాట!

ఇప్పుడు కమిటీ పెద్దల ముందు ఒక ప్రతిపాదన ఉన్నది. కళాశాల ఆవరణలో విద్యార్థులు వీడియో పాటలు చూచుటను, ఒకరికొకరు పంపుకొనుటను పూర్తిగా నిషేధించవలెనని దాని సారాంశము. తరగతి వేళలలో ఫోను కూడదన్న నియమమును మేము మనఃపూర్వకముగా సమర్థిస్తున్నాము. సంగీతము విషయమున మన పెద్దలలో భిన్నాభిప్రాయములు కలవు. ఆ చర్చకు ఇది తావు కాదు. అయితే పంచుకొనుటయే దోషమన్న మాటను మాత్రము మేము అంగీకరించలేకున్నాము.

సినిమాతోగాని, పెద్ద సంస్థతోగాని సంబంధము లేక ఎవరికి వారు చేసుకొన్న పాటను మన పిల్లలు 'ఇండీ' అంటున్నారు. తెలంగాణ పల్లెలలో 'ప్రైవేటు సాంగు' అంటారు. మాకు ఈ రెండవ పేరే ముద్దుగా తోచినది. 2014లో ముంబయి కుర్లాకు చెందిన నేజీ అను యువకుడు, తండ్రి ఇచ్చిన ఐప్యాడ్ ఒక్కటే సాధనముగా 'ఆఫత్' అను పాటను రికార్డు చేసి, దానితోనే చిత్రీకరించి, యూట్యూబులో ఉంచాడు. స్టూడియో లేదు, నిర్మాత లేడు. మరుసటి సంవత్సరము డివైన్ అను మరొక యువకునితో కలసి 'మేరే గల్లీ మే' పాడాడు. 2019లో జోయా అఖ్తర్ తీసిన 'గల్లీ బాయ్' చిత్రమునకు ఈ యిరువురి జీవితములే ప్రేరణ. పాట మొదట గల్లీలో పుట్టి, చేతినుండి చేతికి సాగి, ఆ పిమ్మటనే సినిమా తలుపు తట్టినదని గమనించవలెను. (ర్యాపు అను ప్రక్రియ తొలుత మాకు కోపముతో వచనము చదివినట్లే తోచినది. ప్రాస తెలిసిన తెలుగువారు రెండుసార్లు వింటే అభిప్రాయము మార్చుకొందురు.)

తెలుగున సంగతి ఇంకను ముచ్చటైనది. 2021లో వచ్చిన 'బుల్లెట్టు బండి' ఏ చిత్రములోనిదియు కాదు. లక్ష్మణ్ వ్రాయగా, ఎస్.కె. బాజీ సంగీతము కూర్చగా, మోహన భోగరాజు పాడారు. ఆ ఏడు ఆగస్టులో ఒక నూతన వధువు తన పెండ్లి ఊరేగింపులో ఆ పాటకు నాట్యము చేయగా ఆ దృశ్యము రాష్ట్రమంతటికి ప్రాకినది. ఆ పాటను ఇంటింటికి చేర్చినది ప్రకటన కాదు, ఒక పెండ్లికూతురి సంతోషము.

మా తండ్రుల కాలమున ఈ పనిని రేడియో చేసినది. 1952లో రేడియో సిలోనులో ఆరంభమైన బినాకా గీత్‌మాలాను అమీన్ సయానీ నిర్వహించిన తీరు పెద్దలకు జ్ఞాపకముండును. ఆయన 2024లో కన్నుమూశారు. ఏ పాట ముందు, ఏది వెనుక అన్నది ఒక మనిషి గొంతుతో వినబడేది. నచ్చనివారు ఉత్తరము వ్రాసి జగడమాడవచ్చును. నేడు ఆ స్థానమున ఉన్నది గణితము. 2012లో యూట్యూబు, వీడియోను ఎందరు నొక్కారన్నదానికంటె ఎంతసేపు చూచారన్నదానికి ప్రాధాన్యమిచ్చినది. మనలను కూర్చుండబెట్టగలిగినదే మన ముందుకు వచ్చును. మంచిదా కాదా అన్నది ఆ లెక్కలో లేదు. దానితో జగడమాడుటకు చిరునామా కూడ లేదు.

దీని ఫలితము మన కళాశాలలోనే చూడవచ్చును. ఉర్దూ విభాగమువారికి నేజీ కంఠస్థము, తెలుగు విభాగమువారికి 'బుల్లెట్టు బండి' కంఠస్థము. ఒకే క్యాంటీనులో ప్రక్కప్రక్కన కూర్చుండి చెవులలో చెరియొక లోకము పెట్టుకొనియున్నారు. మన ఈ సంచిక కుడినుండి ఉర్దూగా, ఎడమనుండి తెలుగుగా తెరచుకొనును. రెండవ వైపు త్రిప్పి చూచువారెందరో సంపాదకులకే తెలియవలెను. ఆ విద్యార్థి పాట ఈ రెండింటిని ఒకే చరణములో కలిపినది. అందుకే మా తొందరపాటు ఇంకను బాధించుచున్నది.

విద్యార్థులను వెనుకవేసుకొని మాటలాడుచున్నామని కొందరనవచ్చును. వారి దోషములు మాకు తెలియనివి కావు. పూర్తిగా వినకుండగనే పదిమందికి పంపుదురు. ఎన్ని లక్షల మంది చూచారో చెప్పుదురుగాని పాట దేనిని గూర్చియో చెప్పలేరు. ఈ పాటలలో చాలవరకు వినదగినవి కావు. కొన్నింటిలో బూతు కూడ ఉన్నది. కనుకనే ఏరి చూపగల చేయి అవసరము. నిషేధము ఏరదు; అది ఫోనును సంచిలోనికి మాత్రమే నెట్టును.

మరియొక భయము కలదు. మైస్పేస్ అను సంస్థ, 2003 మొదలు 2015 వరకు జనులు తనయందు దాచుకొన్న పాటలను సర్వర్ల మార్పిడిలో పోగొట్టుకొన్నట్లు 2019లో బయటపడినది. సుమారు 5 కోట్ల పాటలని వార్త. మన దేశమున 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించగా, పల్లెటూళ్ల వారు అందుంచిన ఆటపాటలు ఒక్క రాత్రిలో కనుమరుగైనవి. నిషేధము తప్పో ఒప్పో అటుంచి, వాటి ప్రతులు మాత్రము ఎవరు దాచారు?

కమిటీ పెద్దలకు మా మనవి ఇది. నిషేధమునకు మారుగా, శనివారము మధ్యాహ్నము ఒక గంట ఇయ్యవలెను. ఉర్దూ విభాగము ఒక పాట, తెలుగు విభాగము ఒక పాట తీసుకొనివచ్చి, తెచ్చినవారే లేచి మాటల అర్థము రెండవవారికి విప్పిచెప్పవలెను. విప్పిచెప్పలేనిదానిని ఆడించరాదు. బూతుపాటను ఆపుటకు ఇంతకంటె గట్టి తాళము మాకు తోచలేదు. మన విద్యార్థులు స్వయముగా చేసినవాటిని, వారి అనుమతితో, గ్రంథాలయములో ఒక హార్డ్‌డిస్కునందు భద్రపరచవలెను. గ్రంథపాలకులతో మాటలాడాము, బీరువాలో స్థలమున్నదట.

మొదటి శనివారమునకు ఆ బి.కాం. విద్యార్థి పాటనే ఆడించవలెనని మా కోరిక. గతవారము పిలిపించి అడిగాము, క్షమాపణ కూడ చెప్పుకొన్నాము. "ఇప్పుడు దానికంటె మంచిది చేశాను సార్, అది వినండి" అన్నాడు. ఈసారి ఐదు నిమిషాలట.