రేడియోధార్మిక ఉగ్రవాదం: లెక్క తప్పిన చోటే ముప్పు

2010 ఏప్రిల్ 12, 13 తేదీల్లో వాషింగ్టన్‌లో తొలి అణుభద్రతా శిఖరాగ్ర సదస్సు జరిగింది. 47 దేశాల నేతలు, ప్రతినిధులు పాల్గొన్న ఆ సదస్సులో ప్రధాన చర్చనీయాంశం ఒక్కటే: అణు పదార్థాలు ఉగ్రవాదుల చేతికి చిక్కకుండా కాపాడటం ఎలా? అప్పటి ప్రధానమంత్రి డాక్టర్ మన్మోహన్ సింగ్ ఆ వేదికపైనే, అణుశక్తి రంగంలో భాగస్వామ్యానికి ఒక అంతర్జాతీయ కేంద్రాన్ని భారతదేశంలో నెలకొల్పనున్నట్టు ప్రకటించారు. అదే నెలలో, దేశ రాజధాని పశ్చిమ ప్రాంతంలోని మాయాపురి తుక్కు బజారులో, అణుశక్తి రంగ నిపుణులు వికిరణాన్ని కొలిచే పరికరాలతో దుకాణం తరువాత దుకాణాన్ని గాలిస్తున్నారు. చర్మం నల్లబడి, జుట్టు రాలిపోయి కొందరు కార్మికులు, వ్యాపారులు ఆస్పత్రి పాలయ్యారు. వారిలో ఒకరు ఆ నెలాఖరులో కన్నుమూశారు.

అక్కడ బాంబు పేలలేదు, కుట్ర ఏదీ జరగలేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ రసాయనశాస్త్ర విభాగంలో 1985 నుంచి వాడకుండా పక్కన పెట్టిన ఒక పరిశోధన పరికరాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామానుతో పాటు వేలం వేశారు. అందులో కోబాల్ట్-60 ఉన్న సంగతి కొన్నవారికి తెలియదు. వారు దాన్ని ఇనుప తుక్కుగానే భావించి ముక్కలు చేశారు. కోబాల్ట్-60 రేడియోధార్మికత సుమారు ఐదేళ్ళ మూడు నెలలకు ఒకసారి సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన పాతికేళ్ళలో అది దాదాపు ఐదు పర్యాయాలు సగానికి సగం తరిగిపోయి ఉండాలి. అలా మిగిలిన కొద్దిపాటి శక్తే ఒక నిండు ప్రాణాన్ని బలి తీసుకుంది. ఈ ఘటనను అంతర్జాతీయ అణు ఘటనల తీవ్రత కొలమానంపై నాలుగో స్థాయి ప్రమాదంగా పరిగణించారు.

రేడియోధార్మిక ఉగ్రవాదం గురించిన చర్చ సాధారణంగా ‘డర్టీ బాంబు’ దగ్గర మొదలవుతుంది. దీనికీ అణుబాంబుకూ పోలిక లేదు. అణుబాంబులో పరమాణు విచ్ఛేదం జరిగి అపార శక్తి విడుదలవుతుంది. డర్టీ బాంబులో పేలేది మామూలు పేలుడు పదార్థమే. దానితో కలిపిన రేడియోధార్మిక పదార్థం చుట్టుపక్కల వెదజల్లబడుతుంది. ఇటువంటి దాడిలో తక్షణ ప్రాణనష్టం చాలావరకు పేలుడు వల్లనే జరుగుతుందని నిపుణుల అంచనా. అసలు దెబ్బ ఆ తరువాతది. కలుషితమైన వీధులు, ఖాళీ చేయాల్సిన ఇళ్ళు, మూతపడే వ్యాపారాలు, అన్నిటికీ మించి ప్రజలను పట్టి పీడించే భయం. ప్రాణాలు తీయడం కన్నా జనజీవనాన్ని స్తంభింపజేయడమే ఈ ఆయుధం లక్ష్యం.

ఆ భయం ఏ స్థాయిలో ఉంటుందో బ్రెజిల్‌లోని గొయానియా నగరం చవిచూసింది. 1987 సెప్టెంబరులో అక్కడ మూతపడిన ఒక క్యాన్సర్ చికిత్సాలయం నుంచి ఇద్దరు వ్యక్తులు పాత యంత్రభాగాన్ని ఎత్తుకెళ్ళి తుక్కు వ్యాపారికి అమ్మారు. అందులో ఉన్నది 100 గ్రాములకు లోపు సీజియం-137 లవణం. చీకట్లో నీలికాంతులీనే ఆ పొడిని జనం వింతగా చూసి, బంధుమిత్రులకు పంచిపెట్టారు. ప్రమాదాన్ని గుర్తించేసరికి రెండు వారాలు గడిచిపోయాయి. నలుగురు మరణించారు, 249 మందికి కాలుష్యం సోకింది. లక్షా 12 వేల మందికి పైగా ప్రజలను పరీక్షించాల్సి వచ్చింది. కొన్ని ఇళ్ళను నేలమట్టం చేశారు. పోగుచేసిన వ్యర్థాలు సుమారు 3,500 ఘనపు మీటర్లు. ఆ ప్రాంతం నుంచి వచ్చిన పంటలను కొనడానికి, అక్కడి వారికి బస ఇవ్వడానికి సైతం ఇతర ప్రాంతాల ప్రజలు జంకారు. పేలుడు లేకుండా, ఎవరి దురుద్దేశం లేకుండా జరిగిన నష్టమిది. దీనికి దురుద్దేశం కూడా తోడైతే పరిస్థితి ఎలా ఉంటుందన్నదే భద్రతా నిపుణులను కలవరపెడుతున్న ప్రశ్న.

ఈ ఆందోళనకు ఆధారం లేకపోలేదు. 1995 నవంబరులో చెచెన్ తిరుగుబాటుదారులు మాస్కోలోని ఇజ్మాయిలోవ్‌స్కీ పార్కులో సీజియం ఉన్న ఒక పొట్లాన్ని ఉంచి, ఆ సమాచారాన్ని స్వయంగా ఒక టెలివిజన్ సంస్థకు అందించారు. దాన్ని పేల్చలేదు. పేల్చగలమని చెప్పడమే వారి ఉద్దేశం. 2013 డిసెంబరులో మెక్సికోలో దొంగలు ఒక లారీని అపహరించారు. అందులో ఆస్పత్రి నుంచి వ్యర్థాల నిల్వ కేంద్రానికి తరలిస్తున్న కోబాల్ట్-60 ఉంది. లారీ కోసం వచ్చిన దొంగలకు ఆ సంగతి తెలియనట్టే కనిపించింది. రెండు రోజుల్లో ఆ పదార్థం పొలాల మధ్య దొరికింది. అదే లారీ తెలిసినవారి చేతిలో పడి ఉంటే కథ మరోలా ఉండేది.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిర్వహిస్తున్న సమాచార నిధిలో, 1993 నుంచి అణు, రేడియోధార్మిక పదార్థాలు అదుపు తప్పిన ఘటనలు 4,000కు పైగా నమోదయ్యాయి. వీటిలో అక్రమ రవాణా లేదా దురుద్దేశంతో ముడిపడినవి కొద్ది భాగమే. చాలావరకు పోగొట్టుకోవడం, నిర్లక్ష్యంగా పారవేయడం వంటివే. చోరీల్లో మాత్రం సగానికి పైగా రవాణా సమయంలో జరిగినవే కావడం గమనార్హం. అణు రియాక్టర్ల చుట్టూ సాయుధ కాపలా ఉంటుంది. రహదారిపై వెళ్ళే వాహనానికి, మూతపడిన ఆస్పత్రి గదికి, దివాలా తీసిన కర్మాగారపు గోదాముకు అంతటి రక్షణ ఉండదు.

రేడియోధార్మిక పదార్థాలను పూర్తిగా నిషేధించడం సాధ్యం కాదు, సమంజసమూ కాదు. క్యాన్సర్ చికిత్సలో, వైద్య పరికరాల శుద్ధిలో, గొట్టపు మార్గాల అతుకులలోని లోపాలను పట్టుకోవడంలో, ఆహార పదార్థాల నిల్వలో వాటి సేవలు ఎనలేనివి. చేయవలసిందల్లా ప్రతి పదార్థానికీ పుట్టుక నుంచి తుది నిక్షేపం వరకు లెక్క ఉండేలా చూడటం. భారతదేశంలో ఈ బాధ్యత 1983లో ఏర్పాటైన అణుశక్తి నియంత్రణ మండలిది. వికిరణ పరికరాల కొనుగోలు, వినియోగం, రవాణా, తొలగింపు అనుమతులన్నీ మండలి ఆన్‌లైన్ వ్యవస్థ ‘ఈ-లోరా’ ద్వారా సాగుతున్నాయి. ఇది స్వాగతించదగిన మార్పు. అయితే నమోదు చేసిన వాటికే పుస్తకంలో చోటు ఉంటుంది. నియమాలు పటిష్ఠం కాకముందు దశాబ్దాల క్రితం వచ్చిన పరికరాలు, వాటిని తెచ్చిన ఆచార్యులు పదవీ విరమణ చేశాక ఎవరికీ పట్టని పెట్టెలు ఏ మూలన ఉన్నాయో వెదికి తీయడమే అసలైన పరీక్ష. మాయాపురి నేర్పిన పాఠం ఇదే.

రెండో అంచె రక్షణ తుక్కు మార్గంలో ఉండాలి. కొలిమిలో ఒకసారి కరిగితే రేడియోధార్మిక పదార్థం ఉక్కులో కలిసిపోయి, గుర్తుపట్టలేని రూపంలో ఇళ్ళలోకి, విదేశాలకు చేరుతుంది. 2008లో ఫ్రాన్స్‌లో లిఫ్టు మీటలలో కోబాల్ట్-60 బయటపడినప్పుడు, ఆ విడిభాగాల మూలాలు భారత్‌లో తేలాయి. ఓడరేవులలో, సరిహద్దు ద్వారాలలో, ఉక్కు కొలిమిల ప్రవేశమార్గాలలో వికిరణాన్ని పసిగట్టే పరికరాలు ఉండటం ఇందుకే అవసరం. ఇటువంటి పరికరాలను హైదరాబాద్‌లోని ప్రభుత్వరంగ సంస్థ ఈసీఐఎల్ తయారు చేస్తోంది. సాంకేతికత దేశంలోనే ఉంది. దాన్ని చిన్న కొలిమిల దాకా, పెద్ద తుక్కు బజారుల దాకా తీసుకువెళ్ళడమే మిగిలింది.

మూడోది ప్రజల సన్నద్ధత. రేడియోధార్మికత కంటికి కనిపించదు, వాసన ఉండదు. అందుకే దాని చుట్టూ వదంతులు వేగంగా అల్లుకుంటాయి. అనుమానాస్పద పేలుడు జరిగినప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు మాత్రం సులభమైనవి. సమీపంలోని భవనంలోకి వెళ్ళి తలుపులు, కిటికీలు మూసుకోవాలి. పైదుస్తులను తీసి సంచిలో మూటకట్టి దూరంగా ఉంచాలి. సబ్బుతో స్నానం చేయాలి. అధికారిక ప్రకటనల కోసం వేచి ఉండాలి. పైదుస్తులను తీసివేయడంతోనే ఒంటికి అంటిన కాలుష్యంలో అధిక భాగం తొలగిపోతుంది. అయోడిన్ మాత్రలు కోబాల్ట్, సీజియం వంటి వాటిపై పనిచేయవు. కనుక వాటి కోసం పరుగులు తీయడం వృథా. తుక్కు పని చేసేవారికి తెలియవలసింది మరొకటి ఉంది: పసుపు నేలపై మూడు రెక్కల గుర్తు కనిపించినా, చిన్న వస్తువు ఉండవలసినదానికన్నా మరీ బరువుగా అనిపించినా, దాన్ని కోయకుండా దూరం జరిగి పోలీసులకు తెలపాలి.

జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ అణు, రేడియోధార్మిక అత్యవసర పరిస్థితులపై 2009లోనే మార్గదర్శకాలు వెలువరించింది. జాతీయ విపత్తు స్పందన దళంలో ఇందుకోసం శిక్షణ పొందిన బృందాలున్నాయి. కానీ ఘటనా స్థలానికి మొదట చేరేది స్థానిక పోలీసు, అగ్నిమాపక సిబ్బంది. బాధితుణ్ణి మొదట చూసేది సమీపంలోని వైద్యుడు. వేడి తగలకుండానే కాలిన గాయాన్ని చూసి వికిరణాన్ని అనుమానించగల వైద్యుడు జిల్లా ఆస్పత్రిలో ఉంటే, గొయానియాలో వృథా అయిన రెండు వారాలు రెండు గంటలకు తగ్గుతాయి.

అంతర్జాతీయ ఒడంబడికలు, గూఢచార సమాచార మార్పిడి, సరిహద్దుల నిఘా అన్నీ అవసరమే. వాటన్నిటి కన్నా ముందు, ఉగ్రవాది వెదికే వస్తువు అతడికి దొరకకుండా చేయాలి. ఆ పని సదస్సు వేదికలపై పూర్తికాదు. ఒక కళాశాల సామాను పట్టికలో, ఒక ఆస్పత్రి తాళం వేసిన గదిలో, ఒక వేలం ప్రకటనపై సంతకం చేసే అధికారి బల్ల మీద పూర్తవుతుంది. మాయాపురిలో ఆ సంతకానికి ముందు ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఒక శ్రామికుడి ప్రాణం నిలిచేది.