బీట్‌రూట్ రసానికి ముందు క్రియాటినిన్ పరీక్ష

రోజూ ఒక గ్లాసు బీట్‌రూట్ రసం తాగితే బీపీ దిగిపోతుందని, మాత్రలు మానేయవచ్చని ఒక మాట మన ఊళ్ళలో తిరుగుతోంది. ఓపీకి వచ్చేవారు అడుగుతున్నారు, ఆదివారం ఆరాధన ముగిశాక గుడి బయట నిలబడి కూడా అడుగుతున్నారు: "తాగమంటారా, వద్దంటారా?" వేరే జిల్లాలో అయితే "ఇష్టమైతే తాగండి, మాత్ర మాత్రం మానకండి" అని చెప్పి ఊరుకోవచ్చు. ఉద్దానంలో ఆ జవాబు చాలదని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇది వట్టి చిట్కా కాదు. బీట్‌రూట్‌లో నైట్రేట్ అనే పదార్థం ఎక్కువ. మన నాలుక మీద ఉండే మంచి సూక్ష్మజీవులు దానిని మారుస్తాయి, ఆపైన శరీరంలో అది నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుగా మారి రక్తనాళాలను సడలిస్తుంది. నాళం సడలితే పోటు తగ్గుతుంది. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం వారు 2008లో ఆరోగ్యవంతులకు అర లీటరు రసం ఇచ్చి చూస్తే, సుమారు మూడు గంటల్లో పై బీపీ పది పాయింట్ల దాకా తగ్గింది. 2015లో అక్కడివారే బీపీ రోగులకు నాలుగు వారాల పాటు రోజుకు పావు లీటరు ఇచ్చారు. సగటున ఏడెనిమిది పాయింట్లు తగ్గింది. అయితే రసం ఆపిన రెండు వారాల్లోనే బీపీ మళ్ళీ పాత చోటికి చేరింది. అంటే తాగినంతకాలమే దాని పని. బీపీ 170, 180 ఉన్నవారికి ఆ ఏడెనిమిది పాయింట్లు ఏ మూలకు?

(రసం తాగిన కొందరికి మూత్రం ఎర్రగా వస్తుంది. రక్తమేమోనని కంగారు పడనక్కరలేదు, అది దుంప రంగే. రసం మానిన రెండు మూడు రోజులకు కూడా ఎరుపు పోకపోతే మాత్రం తప్పక చూపించుకోండి.)

ఇక మన సంగతి. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. రెండు దశాబ్దాలకు పైగా పరిశోధనలు జరిగినా కారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారంటే బాధ ఎంతటిదో తెలుస్తుంది. ఈ జబ్బుకు ఒక మాయ గుణం ఉంది. షుగరు లేనివారికీ, బీపీ లేనివారికీ వస్తుంది. చాలాకాలం నొప్పి ఉండదు, వాపు ఉండదు. మూత్ర పరీక్షలో కూడా పెద్దగా బయటపడకపోవచ్చు. చాలామందికి కిడ్నీలు బాగా దెబ్బతిన్నాకే బీపీ పెరుగుతుంది. కనుక డొంకూరులో నలభై ఏళ్ళ మనిషికి కొత్తగా బీపీ కనిపిస్తే, అది వట్టి బీపీయా, లేక కిడ్నీ పంపిన కబురా అని ముందు తేల్చుకోవాలి.

తేల్చుకోకుండా రసం మొదలుపెడితే ఏమవుతుంది? వంద గ్రాముల పచ్చి బీట్‌రూట్‌లో సుమారు 325 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. ఒక పెద్ద గ్లాసు రసానికి మూడు దుంపలైనా కావాలి. మంచి కిడ్నీలు ఎక్కువైన పొటాషియాన్ని మూత్రంలో పంపేస్తాయి. చెడిన కిడ్నీలు పంపలేవు. అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ఒక్కోసారి గుండె ఆగిపోతుంది కూడా. ముందుగా హెచ్చరించే లక్షణం ఏదీ కనిపించకపోవచ్చు. అందుకే నాకు ఈ రసమంటే భయం. దీనికి తోడు బీట్‌రూట్‌లో ఆక్సలేట్ కూడా ఎక్కువే. రాళ్ళు ఏర్పడే తత్వం ఉన్నవారికి అది మంచిది కాదు.

మరొక చిక్కు ఉంది. బీపీకి వాడే టెల్మీసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్ వంటి మాత్రలు కూడా కొందరిలో పొటాషియాన్ని పెంచుతాయి. అలాగని వాటిని మానేయకండి, చాలామందిలో కిడ్నీని కాపాడేవి ఆ మాత్రలే. వాటి మీద రోజూ గ్లాసు రసం పోయడమే ప్రమాదం. మన కొబ్బరి బొండాం విషయమూ అంతే. చెట్టు మనదే, డబ్బు ఖర్చు లేదు, కాని కిడ్నీ దెబ్బతిన్నవారికి ఆ నీళ్ళలోని పొటాషియం బరువే. "బీపీ వారికి మంచిది" అని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో కూడా సోడియం తీసి వేసింది పొటాషియాన్నే. కిడ్నీ రోగుల ఇంట్లో ఆ ప్యాకెట్టు ఉండకూడదు.

కాబట్టి నా సలహా ఇది. ముందు రక్తంలో క్రియాటినిన్, పొటాషియం చూపించుకోండి. వట్టి మూత్ర పరీక్షతో సరిపెట్టుకోకండి. క్రియాటినిన్ కాగితం చేతికి వచ్చాక కూడా "నార్మల్" అన్న మాట ఒక్కటే చూసి వెళ్ళిపోకుండా, మీ వయసుకు కిడ్నీ ఎంత శాతం పనిచేస్తోందో డాక్టరు గారిని అడగండి. కిడ్నీలు బాగున్నవారు మాత్రలు వేసుకుంటూనే బీట్‌రూట్ కూరగానో రసంగానో తీసుకోవచ్చు. షుగరు ఉన్నవారికి రసం కంటే కూర నయం. కిడ్నీ దెబ్బతిన్నదని తేలినవారు రసం జోలికి పోవద్దు. ఎప్పుడైనా తినాలనిపిస్తే ముక్కలు తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, కొద్దిగా తినవచ్చునేమో మీ డాక్టరునే అడగండి.

బీపీ తగ్గడానికి ఇంట్లోనే చేయగల పని కావాలంటే దుంపల కోసం బజారుకు వెళ్ళనక్కరలేదు, ఉప్పు డబ్బా చూడండి. రోజుకు మనిషికి అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, దాటవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. తీరం ఊళ్ళలో ఎండు చేపల పులుసు, దాని పక్కన ఊరగాయ ఉన్న పూటే ఆ లెక్క దాటిపోతుంది. తాజా చేప దొరికిన రోజున ఎండు చేప ఎందుకు? పొలం పనికో వేటకో వెళ్ళి వచ్చి ఒళ్ళు నొప్పులకు దుకాణంలో కొనే డైక్లోఫెనాక్ వంటి గోళీలు బీపీని పెంచుతాయి, కిడ్నీనీ దెబ్బతీస్తాయి. ఈసారి బీపీ చూపించుకోవడానికి వచ్చేటప్పుడు పాత రక్త పరీక్ష కాగితాలతో పాటు ఆ గోళీల అట్టలు కూడా తీసుకురండి.