వంతెన నెక్కకమునుపే తూచవలెను

ఫ్రాన్సు దేశమున తూలూజు నగరమునకు చేరువను, తార్న్ నదిమీద, మిర్‌పువా గ్రామమునొద్ద 1931లో కట్టిన వ్రేలాడు వంతెన యొకటి యుండెడిది. 19 టన్నులకు మించిన బండి దానిపై పోరాదని కట్టడి కలదు. 2019 నవంబరు 18వ తేదీ యుదయమున అంతకు రెట్టింపును మించిన బరువుగల లారీ యొకటి యెక్కగా వంతెన కూలిపోయెను. లారీ నడుపువాడును, అప్పుడే తల్లితో కారులో పోవుచున్న పదునైదేండ్ల బాలికయు మరణించిరి. విద్యార్థులారా, ఆ బాలిక మీ యీడుదే. కట్టడి వ్రాసిన పలక బండిని తూచజాలదు, ఆపజాలదు.

కావున బండి వంతెన నెక్కకమునుపే దాని బరువు తెలియు నేర్పాటు ఉండవలెనని మా యభిప్రాయము.

కాటాలు చాలవా యని కొందరడుగవచ్చును. కాటామీద ప్రతి లారీయు నిలువవలెను. రద్దీగల రహదారిలో అది సాధ్యము గాదు. నడచుచున్న బండినే తూచు సాధనములు నేడు కలవు. బాటలో పాతిన స్ఫటికపు పట్టీ చక్రము క్రింద నొత్తుడుపడి స్వల్పమైన విద్యుత్తును పుట్టించును. దానినిబట్టి ఇరుసు బరువు లెక్కింతురు. దూలములు సాగుటను, వంగుటను కొలిచి వంతెననే త్రాసుగా వాడు పద్ధతిని ఫ్రెడ్ మోజెస్ అను అమెరికా ఇంజనీరు 1979లో ప్రకటించెను. ఇప్పుడు చిన్న బ్యాటరీతో పనిచేయు పరికరములు తీగలు లేకయే రేడియో తరంగములద్వారా ఆ లెక్కలను పంపగలవు.

బాటలకును ఇది మేలే. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున జరిగిన పరీక్షలనుబట్టి, ఇరుసు బరువు రెట్టింపైనచో బాటకు కలుగు చేటు రమారమి 16 రెట్లగునని తేలినది. మన దేశమున నాలుగు టైర్ల ఇరుసుకు పరిమితిని 2018లో 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచిరి. ఆ సూత్రము ప్రకారము చేటు 1.6 రెట్లగును, మీరే లెక్కవేసి చూడుడు. పరిమితిలోని పెంపే యింతయైనచో, పరిమితిని మీరిన బరువు మాట చెప్పనేల?

అయినను పరుగిడు లారీ యెగిరిపడుచుండును గావున ఒక్క పరికరము చెప్పిన లెక్క నిక్కము గాదు. పలుచోట్ల కొలిచి సరాసరి తీయవలెను. ఆ లెక్కనే నమ్మి జరిమానా వేయుట న్యాయము గాదు. అనుమానము కలిగిన లారీని ప్రక్కకు తీసి కాటాపై తూచవలెను. కాని వంతెన మొదట ఎఱ్ఱదీపము వెలిగించి ఆపుటకు అనుమానమే చాలును.

మఱియొక మాట. లారీ తోలి బిడ్డలను చదివించు తండ్రులు మన చదువరులలోను ఉందురు. బరువు నెక్కించునది తరచుగా వారు గారు. 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము అధిక బరువునకు 20,000 రూపాయలును, మించిన ప్రతి టన్నుకు 2,000 రూపాయలును జరిమానా విధించుచు, నడిపినవానినే గాక నడిపించినవానినిగూడ బాధ్యుని జేయుచున్నది. ఆ రెండవ మాటను అధికారులు మఱువకుందురుగాక. పరికరము బరువును చెప్పును; ఆ బరువు ఎవరిదో తేల్చవలసినది మనుష్యులే.