నొప్పి తీర్పు కోసం ఆగదు

ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ అంగడిలో యాభై దాటినవాళ్లను ఎవరినైనా అడిగి చూడండి, వాళ్ల చిన్నతనంలో కుక్క కరిస్తే ఏం చేసేవాళ్లని. మాట కన్నా ముందు చెయ్యి బొడ్డు మీదికి పోతుంది. ‘‘పద్నాలుగు సూదులు, బొడ్డు సుట్టూత’’ అంటారు. రోజుకొకటి. నిన్న పొడిచినచోట వాపు దిగకముందే ఇవాళ్టి సూదికి ఇంకోచోటు వెతకాలి. ఆ సూదుల బాధ తరాల తరబడి ఊళ్లకు గుర్తుండిపోయింది. అందులో పోసిన మందు సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

అది గొర్రె మెదడు నుంచి తీసిన మందు. 1911లో కసౌలిలో డేవిడ్ సెంపుల్ అనే వైద్యుడు రూపొందించాడు. గొర్రె మెదడులో రేబిస్ వైరస్‌ను పెంచి, ఫినాల్‌తో దాన్ని చంపి టీకాగా వాడేవారు. మెదడు కణజాలం గనుక అందులో మైలిన్ కూడా ఉండేది. కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగు ఎలాగో, నరానికి మైలిన్ అలాగ. గొర్రె మైలిన్‌ను శత్రువుగా గుర్తించిన ఒంటి రక్షణ వ్యవస్థ కొందరిలో సొంత నరాల మీదికే తిరగబడేది. కాళ్లు చచ్చుబడేవి, మూత్రం బిగిసేది. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఈ హాని కొన్ని లెక్కల్లో వేలమందిలో ఒకరికి, కొన్నింటిలో వందల్లోనే ఒకరికి. అయినా రేబిస్ సోకి లక్షణాలు బయటపడితే చావు తప్పదు గనుక ఆ టీకానే దిక్కైంది, ఎన్నో ప్రాణాలు నిలిపింది.

ఆ టీకా దానంతట అది పోలేదు. కాళ్లు పడిపోయిన మనుషుల గురించి వైద్యులు దశాబ్దాలపాటు రాసిపెట్టారు. మెదడు కణజాలంతో టీకా చేసే ఆ పాత పద్ధతిని మానెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1984 నుంచే చెబుతూ వచ్చింది. మన దేశం 2004 డిసెంబరులో దాన్ని ఆపేసింది. ఇవాళ కుక్క కరిస్తే టీకాను చేతికే, నాలుగైదు విడతల్లో వేస్తున్నారు. ‘టీకా తర్వాత నాకు ఇలా అయింది’ అని ఒకరు చెప్పడం, ఇంకొకరు దాన్ని నమ్మి రాసుకోవడం, ఈ రెండూ కలిస్తేనే ఆ మార్పు వచ్చింది.

కోవిడ్ టీకాల విషయంలో మనం ఈ పాఠం మరిచాం. 2021 జనవరి 16న మొదలైన కార్యక్రమంలో దేశం 220 కోట్లకు పైగా డోసులు వేసింది. అందులో సింహభాగం కోవిషీల్డ్. ఆస్ట్రాజెనెకా టీకాకే అది మన దేశపు పేరు. ఎనిమిది దేశాల్లో 9.9 కోట్ల మంది రికార్డులను పరిశీలించి 2024లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ టీకా మొదటి డోసు తీసుకున్న 42 రోజుల్లో గులియన్-బారె సిండ్రోమ్ కేసులు మామూలుగా అయితే 76 రావాల్సినచోట 190 వచ్చాయి. ఒంటి రక్షణ వ్యవస్థ నరాల మీద దాడిచేసే జబ్బు అది. కాళ్లలో తిమ్మిరితో మొదలై పైకి పాకుతుంది. చాలామంది కోలుకుంటారు. కొందరికి బలం తిరిగొచ్చినా మంటలు, పోట్లు ఏళ్ల తరబడి మిగులుతాయి.

ఈ అంకె పక్కనే ఇంకో అంకె పెట్టి చూడాలి. ఇంగ్లండ్ లెక్కల ప్రకారం కోటి మందికి ఈ టీకా వేస్తే అదనంగా వచ్చిన గులియన్-బారె కేసులు 38. కోటి మందికి కోవిడ్ సోకితే అదనంగా వచ్చినవి 145. టీకా వేసుకోవడమే మంచిదని ఈ లెక్క నిస్సందేహంగా చెబుతోంది. నేనూ అదే నమ్ముతాను. అయితే ఆ 38 మందీ మనుషులే. సమాజాన్ని కాపాడేందుకు చెయ్యి చాపినవాళ్లే. ‘లాభమే ఎక్కువ’ అన్న మాట దేశానికి ఊరట. రాత్రంతా కాళ్లు మండి నిద్రలేని మనిషికి అది మందు కాదు.

గులియన్-బారెకు పేరుంది, పరీక్ష ఉంది. ఏ పేరూ దొరకనివాళ్ల బతుకు ఇంకా కష్టం. కోవిడ్ టీకా తర్వాత నెలలోపు తిమ్మిర్లు, మంటలు, గుండెదడ మొదలైన 23 మందిని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ వైద్యులు పరిశీలించి 2022లో వివరాలు వెల్లడించారు. టీకాయే కారణమని వాళ్లు తేల్చలేదు, నొప్పి లేదని కొట్టిపారెయ్యనూ లేదు. ఇలాంటి కేసుల్లో చిక్కేమిటంటే, ఆస్పత్రుల్లో చేసే నరాల పరీక్ష లావు నరాలనే కొలుస్తుంది. నొప్పిని, వేడిని, చల్లదనాన్ని మోసేవి సన్న నరాలు. అవి దెబ్బతిన్నా రిపోర్టు ‘నార్మల్’ అనే వస్తుంది. రిపోర్టు నార్మల్ అంటే మనిషికి ఏమీ లేదని అర్థం తీస్తున్నాం.

ఆ నొప్పి ఇచ్చోడ చుట్టుపక్కల ఎలా ఉంటుందో ఒక్కసారి తలుచుకోండి. ఇక్కడ బతుకంతా పత్తి చుట్టూ తిరుగుతుంది. పగిలిన కాయ అంచులు ఎండి ముల్లులా ఉంటాయి. ఆ నాలుగు రెక్కల మధ్య నుంచి వేళ్లతో దూదిని లాగాలి. కూలి కిలోల లెక్కన. వేళ్ల కొసల్లో చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చినట్టు, ఉండుండి కరెంటు కొట్టినట్టు ఉండే మనిషి ఎన్ని కిలోలు ఏరగలదు? చలికాలం వస్తే రాష్ట్రంలో బాగా వణికించే జిల్లాల్లో ఆదిలాబాద్ ఒకటి. తెల్లారి చన్నీళ్లలో గిన్నె ముంచితే చేతులు ‘సుర్రుమంటయి’. రాత్రి దుప్పటి తగిలినా కాళ్లు మండుతాయి. చూసేవాళ్లకు గాయం కనబడదు, వాపు కనబడదు. ‘‘మంచిగనే ఉన్నవ్ గద’’ అంటారు ఇంట్లోవాళ్లు. ఆ మాట నొప్పి కన్నా ఎక్కువ బాధిస్తుంది.

ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే నొప్పుల సూది వేస్తాడు. నరాల నొప్పికి ఆ సూదులు, మామూలు నొప్పిబిళ్లలు పెద్దగా పనిచెయ్యవు. దానికి వేరే మందులున్నాయి. ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, డ్యులోక్సిటిన్ లాంటివి డాక్టరు తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మత్తు, తల తిరగడం ఉంటాయి. అందరికీ పనిచెయ్యవు, పనిచేసినా నొప్పి పూర్తిగా పోకపోవచ్చు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. తిమ్మిర్లు టీకా తర్వాత వచ్చాయంటే టీకా వల్లే వచ్చాయని కాదు. షుగర్, బీ12 లోపం, థైరాయిడ్, కుష్ఠు కూడా నరాలను తింటాయి. వాటిని వెతకాలి. టీకా పేరెత్తగానే విసుక్కునే డాక్టరు నయమయ్యే జబ్బును సైతం దాటేసే ప్రమాదం ఉంది.

ఇక్కడే అసలు తప్పు జరుగుతోంది. రెండు వేర్వేరు ప్రశ్నలను ఒకటిగా ముడివేస్తున్నాం. కారణం ఏమిటన్నది ఒక ప్రశ్న. దానికి రుజువులు కావాలి, నిపుణులు కావాలి, కాలం పడుతుంది. ఈ మనిషికి నొప్పి ఉందా అన్నది రెండో ప్రశ్న. దానికి ఆ మనిషి మాట చాలు. మొదటిది తేలేదాకా రెండోదాన్ని పక్కన పెట్టడం వల్లే బాధితులు నలిగిపోతున్నారు.

కారణం తేల్చే వ్యవస్థ మనకు లేకపోలేదు. టీకా అనంతర దుష్ఫలితాల నమోదు 1988 నుంచే ఉంది. జిల్లా, రాష్ట్ర, జాతీయ కమిటీలున్నాయి. హాని టీకా స్వభావం వల్లనా, వేయడంలో పొరపాటు వల్లనా, భయం వల్లనా, కాకతాళీయమా అని అవి విడదీస్తాయి. అది ఎంత అవసరమో 2019 మార్చిలో హైదరాబాద్ నాంపల్లి చూపించింది. టీకా వేశాక పిల్లలకు పారాసెటమాల్‌కు బదులు ట్రమడాల్ బిళ్లలు ఇచ్చారు. పిల్లలు జబ్బుపడ్డారు. తప్పు టీకాది కాదని దర్యాప్తు చేశారు గనుకే తెలిసింది.

నమోదు లేకపోతే ఏమవుతుందో అంతకు పదేళ్ల ముందే అప్పటి ఖమ్మం జిల్లా చూసింది. 2009లో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు దాదాపు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ప్రయోగాత్మకంగా వేశారు. చాలామంది గిరిజన హాస్టళ్ల పిల్లలు. 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. తర్వాత కొందరు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం లేనట్టేనని విచారణ చెప్పింది. కానీ అంగీకారం తీసుకున్న తీరునూ, దుష్ఫలితాలను గమనించే ఏర్పాటు లేకపోవడాన్నీ 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుబట్టింది. ఆ టీకా మంచిదే. తల్లిదండ్రులను అడగకుండా, తర్వాత ఏమైందో చూడకుండా వేస్తే మంచి టీకాకూ చెడ్డపేరే.

బాధితులు, ప్రైవేటు డాక్టర్లు కూడా దుష్ఫలితాలను నేరుగా నమోదు చేసేలా ఏర్పాటు చెయ్యాలని సుప్రీంకోర్టు 2022 మే 2న జాకబ్ పులియెల్ కేసులో ఆదేశించింది. అదే ఏడాది నవంబరులో, కోవిషీల్డ్ తర్వాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రుల కేసులో, పరిహారం కావాలంటే సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని కేంద్రం అదే కోర్టుకు చెప్పింది. ఇచ్చోడ పత్తికూలీ టీకా కంపెనీ మీద సివిల్ దావా వేసి గెలవగలదా? అమెరికా 1980ల నుంచీ, బ్రిటన్ 1979 నుంచీ తప్పు ఎవరిదని తేల్చకుండానే పరిహారం ఇచ్చే పథకాలు నడుపుతున్నాయి. బ్రిటన్‌లో 60 శాతం వైకల్యం ఉండాలన్న షరతు కనబడని నొప్పిని బయటే నిలబెడుతోంది. వైకల్యాన్ని ధ్రువీకరించే మన సదరం క్యాంపులోనూ అదే కథ. 40 శాతం దాటితేనే పింఛను. కాలు ఎంత వంగుతుందో, కన్ను ఎంత చూస్తుందో కొలుస్తారు. మంటకు శాతం లేదు.

చెయ్యాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేం కావు. టీకా తర్వాత ఆరు వారాల్లో తిమ్మిరి, మంట, నీరసం అని ఎవరు చెప్పినా పీహెచ్‌సీలో తేదీ, బ్యాచ్ నంబరుతో రాసుకోవాలి. గోండి, కొలామి, లంబాడీ భాషల్లో ఈ నొప్పులకు ఉన్న మాటలు ఏఎన్ఎంలకు, ఆశాలకు తెలియాలి. 1800-180-3024 అనే ఉచిత నంబరుకు ఎవరైనా దుష్ఫలితాలు చెప్పుకోవచ్చన్న సంగతి ప్రతి టీకా కేంద్రం గోడ మీద ఉండాలి. నరాల నొప్పి మందులు హైదరాబాద్ దాకా పోకుండా ఆదిలాబాద్‌లోనే, క్రమం తప్పకుండా దొరకాలి. తప్పుతో పనిలేని పరిహార చట్టం రావాలి. అందులో నొప్పికీ చోటుండాలి.

ఇవన్నీ మాట్లాడితే జనం టీకాలంటేనే భయపడతారని కొందరు అధికారులు, డాక్టర్లు అంటారు. ఆ భయం నాకూ అర్థమవుతుంది. కానీ గూడేల్లో కబురు ఆగదు. మనం చెప్పకపోతే అది పుకారై తిరుగుతుంది. సూది వేసిన ఏఎన్ఎమ్మే వారానికి మళ్లీ ఆ ఇంటి గడప తొక్కి ‘‘ఎట్లుంది వదినా, చేతులు ఇంకా గుంజుతున్నయా’’ అని అడిగితే, ఆ ఇంటి పిల్లలు తర్వాతి టీకాకు తప్పకుండా వస్తారు.

బొడ్డు మీద చెయ్యి వేసుకుని ఆ పద్నాలుగు సూదులను తలుచుకునే తాతే, ఇవాళ మనవడిని కుక్క కరిస్తే భుజాన వేసుకుని పీహెచ్‌సీకి పరిగెడుతున్నాడు. పాత మందు చేసిన హానిని రాసిపెట్టి, మంచి మందు తెచ్చిపెట్టారు గనుకే ఆ పరుగు.