ఊరేగింపులో ముందు, గేటు దగ్గర వెనక

మన వైపు ఏ పార్టీ ఊరేగింపు తీసినా, ఏ సంఘం ధర్నా పెట్టినా ఆడవాళ్ళు ముందు వరుసలో ఉండాలంటారు. బ్యానరు రెండు కొసలూ వాళ్ళ చేతికే ఇస్తారు. ఆడవాళ్ళ మీద పోలీసులు తొందరపడి లాఠీ ఎత్తరని ఒక లెక్క. పేపర్లో ఫొటో నిండుగా ఉంటుందని ఇంకో లెక్క. సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా ఆఫీసు గేటు దాకా ఈ వరుస మారదు. గేటు దగ్గర మారుతుంది. "అందరూ వద్దు, అయిదుగురు లోపలికి రండి" అని పోలీసాయన అనగానే, అప్పటిదాకా వెనక నడిచిన పెద్దమనుషులు కండువాలు సర్దుకుంటూ ముందుకొస్తారు. వినతిపత్రం వాళ్ళ జేబులోనే ఉంటుంది. బ్యానరు పట్టుకున్నవాళ్ళం దాన్ని మడిచి, గోడ నీడ ఎక్కడుందో చూసుకుంటాం.

ముప్ఫయ్యేళ్ళకు పైగా ఆ గోడల నీడన కూర్చున్నదాన్ని గనుక ఈ మాట రాస్తున్నాను. నేను ఏ పార్టీ సభ్యురాలినీ కాను. సూర్యాపేటకూ కోదాడకూ మధ్య, హైవేకు మూడు కిలోమీటర్ల లోపల మా ఊరు. పదో తరగతి చదివాను. పొలం పని చేస్తాను. మహిళా సంఘం లెక్కలు చాలాకాలం రాశాను.

మొదటిసారి నడిచింది సారా ఉద్యమంలో. వారుణి వాహిని పేరుతో సర్కారే సారాను ప్యాకెట్లలో ఊరూరికీ తెచ్చిన రోజులు ఇప్పటి పిల్లలకు తెలియవు. మంచినీళ్ళు రాని ఊరికి కూడా సారా వచ్చేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్ళు ఏకమై దుకాణం మూయించారన్న కబురు మన జిల్లాకూ పాకింది. మా వాడకట్టు ఆడవాళ్ళం మండల కేంద్రానికి నడిచిపోదామనుకున్నాం. నాకప్పుడు చంకలో బిడ్డ.

దారి ఎనిమిది కిలోమీటర్లు. నాట్లకు పోయి పొద్దంతా వంగి లేచే నడుములకు అదొక దూరం కాదు. కష్టమల్లా ఇంటి గడప దాటడమే. మా అత్త వాకిట్లో అడ్డం నిలబడి, "పోలీసులు పట్టుకపోతే ఎవరు విడిపిచ్చుకొస్తరే? ఇంటి పరువు ఏం గాను?" అంది. మా ఇంటాయన ఏమీ అనలేదు గానీ కండువా దులిపి బయటికి పోయాడు. అది ఒప్పుకోవడమో కాదనడమో నాకు ఈరోజుకీ తెలియదు. పక్కింటి వదినె బువ్వ వండి, బర్రెను కట్టేసి, మొగుడు లేవకముందే దొడ్డిదారిన వచ్చింది.

ఒక మాట ఇక్కడ చెప్పాలి. దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు రెండేళ్ళకోసారి ఇదే ఆడవాళ్ళు తలమీద గంపలెత్తుకొని రాత్రింబవళ్ళు నడుస్తారు. ఇంటి పరువు ఏమవుతుందని అప్పుడు ఎవరూ అడగరు. లింగమంతుల స్వామి దగ్గరికి నడిస్తే పుణ్యం, తహసీల్ ఆఫీసుకు నడిస్తే పరువు తక్కువ. ఈ తేడా ఎవరు పెట్టారో గానీ, ఆ రోజు దారిలో మేం దాని గురించి మాట్లాడుకుంటూ నవ్వుకున్నాం. ఊరి పొలిమేర దాటాక భయం పోయింది. ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో, ఎవరి ఒంటి మీద ఏ దెబ్బ ఎప్పటిదో, అన్నాళ్ళు పక్కపక్కనే నాట్లేసినా చెప్పుకోని మాటలు ఆ రోజు నడుస్తూ చెప్పుకున్నాం.

ఆఫీసు దగ్గర పైన చెప్పిన తంతే జరిగింది. మా వెంట వచ్చిన అయిదుగురు మగవాళ్ళు లోపలికి పోయారు. మేం గంటన్నర బయట ఎండలో కూర్చున్నాం. వాళ్ళు బయటికి వచ్చాక, "ఏమన్నరన్నా సారు?" అని అడిగితే, "అంతా చెప్పినం లెండమ్మా, అయితది" అన్నారు. నెల దాటినా ఏమీ కాలేదు. ఒకనాడు ఆ కాగితం నకలు నా కంటబడింది. అందులో రాసింది ఏమిటంటే, బడి దగ్గరున్న సారా దుకాణాన్ని ఊరి చివరకు మార్చవలసిందిగా మనవి.

మేం నడిచింది దుకాణం మార్చమని కాదు, మూసెయ్యమని. ఆ అయిదుగురూ చెడ్డవాళ్ళు కారు. ఇద్దరు సారా ముట్టని వాళ్ళు కూడా. కానీ వాళ్ళకు దుకాణం బడి దగ్గర ఉండడం ఇబ్బంది. మాకు దుకాణం ఉండడమే ఇబ్బంది. గేటుకు అటువైపు ఒక కోరిక, ఇటువైపు ఇంకో కోరిక. అయినా కాగితం మీద "గ్రామ మహిళలు" అనే ఉంది.

తర్వాత సంగతి అందరికీ తెలిసిందే. రాష్ట్రమంతా ఆడవాళ్ళు వేలం పాటలు జరగనివ్వకపోతే 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు. పెట్టమన్నప్పుడు మా ఊరేగింపులు కావలసి వచ్చాయి, తీసేసేటప్పుడు మా మాట ఎవరికీ అక్కరలేకపోయింది. అంతకుముందు ఓట్ల సభల్లో "మా అక్కచెల్లెళ్ళు" అని గొంతు పెంచి మాట్లాడిన వాళ్ళెవరూ మళ్ళీ మా ఊరికి వచ్చి, ఎందుకు తీసేశామో చెప్పిన పాపాన పోలేదు.

ఇదేమీ మాతో మొదలు కాలేదు. మన జిల్లాలో ఆడవాళ్ళు రాజకీయాలకు నడవడం 1940ల నాటి మాట. పాలకుర్తి అప్పుడు మన నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనే ఉండేది. అక్కడ చాకలి ఐలమ్మ విసునూరు దేశముఖుకు ఎదురు నిలిచి తన పంట తాను ఇంటికి తెచ్చుకుంది. తుంగతుర్తి వైపు కరివిరాల కొత్తగూడెంలో పుట్టిన మల్లు స్వరాజ్యం చిన్న వయసులోనే గడీ గోడ దాటి దళంలో చేరింది. ఉయ్యాల పాటలు కట్టి ఆడవాళ్ళను కూడగట్టింది. నిజాం సర్కారు ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టింది. 1978లోనూ 1983లోనూ తుంగతుర్తి నుంచి శాసనసభకు గెలిచింది. 2022 మార్చి 19న ఆమె కన్నుమూసినప్పుడు మన పల్లెల నుంచి ముసలమ్మలు కూడా కడసారి చూపుకు పోయారు.

అయితే ఆమెలాగా పేరు మిగిలినవాళ్ళు ఎందరు? 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. దళాల్లో వండిపెట్టినవాళ్ళు, కబుర్లు మోసినవాళ్ళు, తుపాకి పట్టినవాళ్ళు ఊళ్ళకు తిరిగొచ్చారు. మగవాళ్ళలో కొందరు నాయకులయ్యారు, సభలకు ఎన్నికయ్యారు. ఆడవాళ్ళలో ఆలేరు నుంచి గెలిచిన ఆరుట్ల కమలాదేవి వంటి ఒకరిద్దరిని మినహాయిస్తే మిగిలినవాళ్ళకు దొరికింది పొయ్యి ముందు పాత జాగానే. ఆ బాధను వాళ్ళ నోటనే విని స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకం వేశారు. ఆ పేరు సరిగ్గా పెట్టారు. మన జిల్లా చరిత్రను మన ఆడవాళ్ళే చెప్పిన పుస్తకం మన ఊరి గ్రంథాలయంలో ఎందుకు లేదని నేను రెండుసార్లు అడిగి ఊరుకున్నాను.

అంత పెద్ద గాంధీ మహాత్ముడు కూడా 1930 మార్చి 12న దండికి బయల్దేరినప్పుడు వెంట తీసుకుపోయిన 78 మందిలో ఒక్క ఆడమనిషి లేదు. కమలాదేవి చటోపాధ్యాయ వంటివారు పోయి అడిగాకే ఉప్పు సత్యాగ్రహంలో ఆడవాళ్ళకు తోవ దొరికింది. ఆ ఏడాది మేలోనే ధరాసన దగ్గర సరోజినీ నాయుడు ముందు నిలిచింది. మద్రాసులో మన దుర్గాబాయి జైలుకు పోయింది. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, మహాత్ముడి దగ్గరా అదే జరిగింది.

ఇక తెలంగాణ ఉద్యమం. 2011 జూన్‌లో రోడ్ల మీద వంటావార్పు చేసినప్పుడు మేమూ హైవే ఎక్కాం. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే దారి అది. లారీలు కిలోమీటర్ల కొద్దీ నిలిచాయి. మూడు రాళ్ళు పెట్టి, కట్టెలు ముట్టించి, రోడ్డు మీద అన్నం వండాం. ఆ సంతోషం వేరు. మా ఊరి ముసలమ్మ ఒకామె, కోడళ్ళ మీద కేకలేస్తే తప్ప గొంతు వినిపించని మనిషి, ఆ రోజు కలెగంటె పట్టుకొని పోలీసాయనతో, "అన్నం తిని పో బిడ్డా, మళ్ళ కేసు రాసుకో" అంది. ఆయన నవ్వాడు. తిన్నాడు కూడా. ఆ ఏడాది సెప్టెంబరు 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె నడిచింది. ఆ బతుకమ్మ పండుగ రోజుల్లో రోడ్డు మీదే బతుకమ్మలాడాం.

కానీ ఒక సంగతి గమనించండి. వంటావార్పులో వండింది ఎవరు? మేమే. మైకులో మాట్లాడింది ఎవరు? వాళ్ళే. ఇంట్లో వండేది రోడ్డు మీద వండాం, అంతే తేడా. మాట్లాడడానికి పిలిచిన ఒకే ఒక్క ఆడమనిషిని "రెండు ముక్కల్లో ముగించమ్మా" అన్నారు. ఆమె రెండు ముక్కలు కాదు, ఇరవై ముక్కలు మాట్లాడిందనుకోండి, అది వేరే సంగతి.

ఆడవాళ్ళు లోపల కూర్చుంటే ఏమవుతుందని అడిగేవాళ్ళకు ఒక ఉదాహరణ చెబుతాను. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు సాగింది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డిపోల ఆడ కండక్టర్లు కూడా బస్సు దిగి రోడ్డు మీద కూర్చున్నారు. జీతాలు లేవు, ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. సమ్మె విరమించినా అసలు డిమాండు నెరవేరలేదు. అది కార్మికులకు ఓటమేననడంలో నాకు సందేహం లేదు. అయితే ఆ డిసెంబరు 1న ముఖ్యమంత్రి డిపోకు అయిదుగురి చొప్పున కార్మికులను పిలిపించినప్పుడు అందులో ఇద్దరైనా ఆడవాళ్ళు ఉండాలని నియమం పెట్టారు. సంఘాలను పక్కన పెట్టడానికే ఆ సమావేశం పెట్టారన్న విమర్శ వచ్చింది, అందులో నిజం లేకపోలేదు. కానీ ఆడవాళ్ళకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీ వెయ్యకూడదన్న మాట, డిపోల్లో వాళ్ళకు వేరే మరుగుదొడ్లు, బట్టలు మార్చుకునే గదులు కావాలన్న మాట అక్కడి నుంచే బయటికి వచ్చింది. అదెంతవరకు అమలయిందో కండక్టరమ్మలే చెప్పాలి. అయిదుగురిలో ఇద్దరు ఉంటేనే మాట అంత దూరం పోయింది.

మరుగుదొడ్ల మాట వచ్చింది గనుక దాచకుండా చెబుతాను. ధర్నాకు పోయే ఆడవాళ్ళు పొద్దుటి నుంచి నీళ్ళు తాగరు. తాగితే ఎక్కడికి పోవాలి? ఎండాకాలంలో మా వాళ్ళలో ఒకామె కళ్ళు తిరిగి పడిపోతే ఉపన్యాసం చెప్పే ఆయన "చూడండి, మా మహిళలు ప్రాణాలకు తెగించి పోరాడుతున్నారు" అని మైకులో చెప్పాడు. ఆమె తెగించింది ప్రాణాలకు కాదు, దాహానికి. టెంటు వేసేవాళ్ళు, మైకు పెట్టేవాళ్ళు ఈ ఒక్క ఏర్పాటు ఎందుకు చెయ్యరో నాకు అర్థం కాదు.

ఈమధ్య ఇంకో తెగులు పట్టుకుంది. తలకింత అని కూలి మాట్లాడి ట్రాక్టర్లలో, ఆటోల్లో సభలకు తోలుకపోవడం. పోయేవాళ్ళను నేను తప్పు పట్టను. నాట్లు లేని రోజున ఇల్లు గడవాలి. కానీ దానివల్ల నిజంగా గోస చెప్పుకోవడానికి పోయిన ఆడదాన్ని కూడా "ఎంత ఇచ్చిన్రు?" అని అడుగుతున్నారు. కిందటి వానాకాలం వడ్లు కాంటా కాక, కల్లాల్లో మొలకెత్తుతుంటే మేం రోడ్డు మీద కూర్చున్నాం. బస్సు కిటికీలోంచి ఒక కుర్రవాడు అదే మాట అడిగాడు. ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చినవాళ్ళం మేం.

ఆ వడ్ల ధర్నాలోనూ ఆఫీసరు అయిదుగురినే రమ్మన్నాడు. ఊళ్ళో కొనుగోలు కేంద్రం నడిపేది మహిళా సంఘం. ఎన్ని బస్తాలు వచ్చాయి, ఎన్ని లారీలు కదిలాయి, గన్నీ సంచులు ఎన్ని తక్కువ, అన్నీ రాసుకున్న నోటుబుక్కు మా సంఘం కోడలుపిల్ల చేతిలో ఉంది. లోపలికి పోయిన అయిదుగురూ మగవాళ్ళే. సంచులు ఎన్ని కావాలని ఆఫీసరు అడిగితే చెప్పలేక, ఒకాయన బయటికి వచ్చి, "ఆ బుక్కు ఇటియ్యమ్మా" అన్నాడు. ఆ పిల్ల ఇవ్వలేదు. "బుక్కు నా రాత, మీకు తెల్వదన్నా. నేనే వస్త" అని లేచి పోయింది. ఎవరూ అడ్డం చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర లెక్క లేదు మరి.

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్ళకని చట్టముంది. 2023లో చట్టసభల్లో మూడో వంతు ఇస్తామని రాజ్యాంగాన్నీ సవరించారు. అవన్నీ పెద్ద మాటలు, వాటి దారి వాటిది. నేనడిగేది చిన్నది. ఆడవాళ్ళను నడవమని పిలిచేవాళ్ళు, ఏ జెండా వాళ్ళయినా సరే, వినతిపత్రం ఊళ్ళోనే, నడిచేవాళ్ళ ముందు చదివి వినిపించాలి. లోపలికి పోయే అయిదుగురిలో ఇద్దరు ఆడవాళ్ళు ఉండాలి. లోపల ఏం మాట్లాడారో గేటు బయటికి వచ్చి అక్కడే చెప్పాలి. మంచినీళ్ళు, మరుగుదొడ్డి, చీకటి పడకముందు తిరిగిపోయే బండి, ఈ మూడూ చూసుకున్నాకే మైకు సంగతి చూడాలి.

పోయిన వారం కాలువ నీళ్ళ ధర్నాకు రమ్మని ఇద్దరు మా ఊరికి వచ్చారు. చివరి భూములకు నీళ్ళు రావడం లేదన్నది నిజమే, మేం పోవలసిన పనే. అందుకే వస్తామన్నాం. లోపలికి పోయే అయిదుగురి పేర్లు మాత్రం ఇప్పుడే చెప్పమన్నాం. మాట్లాడుకొని రేపు చెబుతామని పోయారు. ఇంకా రాలేదు.